తనది కాని ఎద్దు

శరీరం తనది కాదని చెప్పే మనిషికి మేడమీద గది అద్దెకిచ్చిన ఘనత ముత్తియాల్‌పేటలో నాకొక్కడికే దక్కింది. ఆ గదికోసం బ్యాంకు ఉద్యోగి వచ్చాడు, టీచరమ్మ వచ్చింది, అడిగినంత అడ్వాన్సు ఇస్తానన్న జవుళి వ్యాపారీ వచ్చాడు. వాళ్ళందరినీ పంపించేసి, డెబ్బై దాటిన ఒంటరివాణ్ణి, చక్కెర జబ్బు మనిషిని, పైగా వేదాంతిని ఏరికోరి తెచ్చుకున్నాను. పాత్రల అంగడిలో పుట్టి పెరిగినవాణ్ణి. గిన్నెను వేలితో ఒక్క తట్టు తట్టి దాని మందం చెప్పగలను. మనుషుల దగ్గర మాత్రం ఆ చెవి పనిచేయదు.

ఆయన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. గది చూడటానికి వచ్చిన రోజున అద్దె తగ్గించమని ఆయన ఒక్క మాట అడగలేదు. కిటికీ పడమరకు ఉందన్నాడు. కుళాయికి దగ్గు ఉందన్నాడు. మెట్లు ఎవరో కోపంలో కట్టినట్టున్నాయన్నాడు. గదిలోని తప్పులన్నీ మెల్లగా, ఎవరి మీదా నేరం మోపకుండా చెప్పి ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడం తట్టుకోలేక నేనే అద్దె తగ్గించాను. ఇంత గొప్ప బేరగాడు పైన ఉంటే కింద అంగడికి కలిసొస్తుందని నన్ను నేను ఓదార్చుకున్నాను.

పోయిన వారం ఆ గది చూడటానికి కొత్తగా పెళ్ళైన జంట ఒకటి వచ్చింది. ఇంతకుముందు ఎవరుండేవారని ఆ అమ్మాయి అడిగింది. పెద్దాయన ఒకరు, అన్నాను. ఎందుకు ఖాళీ చేశారంది. ఆ జవాబు పొడుగైంది. తాళంచెవి చేతికిచ్చి మీరే చూసి రండమ్మా అని కింద కూర్చున్నాను. వాళ్ళు చూసి వెళ్ళిపోయారు. జవాబు మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.

ఆయన ఒకప్పుడు మదగడిపట్టు సంతలో ఎద్దుల దళారి. పొడవాటి వేళ్ళు, భుజం మీద ఎప్పుడూ ఒక కండువా. ఎవరు ఎదురైనా ముందు కాళ్ళు చూసేవాడు, తర్వాత నోరు చూసేవాడు, ఆ తర్వాతే మొహం. మా ఆవిడ మొదట్లో ఆ చూపుకు ఇబ్బంది పడింది. వయసు కనిపెట్టే అలవాటులే, పళ్ళు లెక్కపెడుతున్నాడు అని చెప్పాను. దాంతో ఆమె ఆయన ముందు నవ్వడం మానేసింది.

తన శరీరాన్ని ఆయన 'ఇది' అనేవాడు. దీనికి కాఫీ కావాల, ఇది రాత్రి సరిగా పండుకోలా, దీనికి రెండు ఇడ్లీలు చాలు. వచ్చిన వారంలోనే మా ఆవిడ నన్ను పక్కకు పిలిచి, పైన కుక్కను పెంచుతున్నాడేమో కనుక్కోమంది. కనుక్కుని వచ్చి, కుక్క లేదు, ఆయన తన గురించే చెప్పుకుంటున్నాడు అన్నాను. కుక్కయినా నయం అంది. కొన్నాళ్ళకు వీధి అంతటికీ అలవాటైంది. టీకొట్టు అతను దాన్ని కూర్చోబెట్టు తాతా అని బెంచీ తుడిచేవాడు. ఆయన ఎగతాళిని కూడా సరుకులాగా అటూ ఇటూ తిప్పి చూసి, బాగుందని పక్కన పెట్టేవాడు.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఆయన గదిలో పాఠం జరిగేది. రెడ్డియార్‌పాళయం నుంచి బస్సెక్కి ఇద్దరు తోడికోడళ్ళు వచ్చేవాళ్ళు. మిల్లులో పనిచేసి రిటైరైన ఒకాయన వచ్చేవాడు. ఆయనతో కలిపి నలుగురూ తమిళగడ్డ మీద పుట్టిన తెలుగువాళ్ళే, నలుగురికీ తెలుగు అక్షరం రాదు. చదువుకోవడానికి పుస్తకం లేదు కాబట్టి ఆయన ఒంటినే పుస్తకం చేశాడు. అందరూ నేలమీద కాళ్ళు చాపి కూర్చుని ఎడమకాలి బొటనవేలు పట్టుకోవాలి. దీన్ని చూస్తా ఉండాను, చూసేది నేను, ఇది నేను కాదు, అనాలి. అక్కణ్ణుంచి మడమ, పిక్క, మోకాలు. అలా పైకి పోతూ ఆకలి, కోపం, నిద్ర, చివరికి తలపు. తలపు దగ్గరికి వచ్చేసరికి పెద్ద తోడికోడలికి కునుకు పట్టేది. నిద్రలో కూడా చూసేవాడు ఉంటాడులే, పండుకోనీ అనేవాడు ఆయన.

మెట్లు నా గల్లాపెట్టె పక్కనే. పాఠమంతా డబ్బు లేకుండా నా చెవిలో పడేది. ఉచితంగా వచ్చే సరుకు మీద నాకు ఎప్పుడూ అనుమానమే. ఒకరోజు ఆయన దోసెకు కారప్పొడి ఇంకొంచెం వేయించుకుంటుంటే పట్టుకున్నాను.

"ఏం చిన్నాయనా, ఒళ్ళు నీది కాకపోతే ఈ పొడి ఎవరికి?"

"సంతలో దళారి ఏం చేస్తాడురా?" అన్నాడు తింటూనే. "ఎద్దు పళ్ళు చూస్తాడు, గిట్ట చూస్తాడు, తోక ఎత్తి చూస్తాడు. సొంతదారుకి తెలియని రోగం వాడికి తెలుస్తాది. పొద్దుగూకినాక ఎద్దు ఒకడి వెంట పోతాది, వీడు చేతులు దులుపుకోని ఇంటికి పోతాడు. మేత ఎద్దుకే. దాని రుచి ఎరిగేది దళారి."

జవాబు బాగుంది. బాగున్న జవాబుకు ఎదురు జవాబు దొరికేదాకా నాకు అన్నం సయించదు. ఆ తర్వాత మేము రోజూ మధ్యాహ్నం అంగడి తలుపు సగం దించి బేరమాడుకునేవాళ్ళం. మా ఊళ్ళో ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా ఈగ కూడా కొనడానికి రాదు. ఆయన ఆత్మను అమ్మకానికి పెట్టేవాడు, నేను తగ్గించి అడిగేవాణ్ణి. ఎప్పుడూ కుదరలేదు. ఒక్కోసారి మాటలు ఆపి, కండువా కింద వేళ్ళతో సంతలో బేరం ఎలా చేస్తారో చూపించేవాడు. చుట్టూ వందమంది ఉన్నా ఇద్దరి చేతుల మధ్య ధర మూడోవాడికి తెలియదు. వేలు పట్టుకుంటే ఒకటి, అరచెయ్యి పట్టుకుంటే అయిదు. ఎదుటివాడి పిడికిలి మూసి గట్టిగా నొక్కితే బేరం ముగిసినట్టు. ఆ తర్వాత మాట మార్చినవాడు సంతకు రాకూడదు.

కొత్త రబ్బరు చెప్పు కొరికి ఆయన ఎడమకాలి బొటనవేలికి పుండు పడింది. మేమెవరమైనా డాక్టరు దగ్గరికి పోతాం. ఆయన ఎద్దుల మనిషి. గిట్ట చెడిన ఎద్దుకు ఏం చేస్తారో అదే చేశాడు. కడిగి, వేపనూనెలో పసుపు కలిపి పట్టించి, పాత గుడ్డ చుట్టి, దాన్ని కదలనీయకుండా కూర్చున్నాడు. రోజూ గుడ్డ విప్పి మెడ వంచి శ్రద్ధగా చూసేవాడు. నొప్పి ఉందా అంటే, దానికి ఉండదు, చక్కెర కదా అనేవాడు. వేలు నల్లబడింది. దాన్ని కూడా అలాగే చూశాడు. పాఠం ఆగలేదు. గుడ్డ కట్టిన వేలినే పట్టుకుని, ఇది నేను కాదు అని చెప్పాడు, ముగ్గురూ చెప్పారు. వాసన మొదట మా ఆవిడకే తెలిసింది. మెట్లెక్కి వెళ్ళి, ఆ గుడ్డ తీయించి, కిందికి దిగి, సెల్వికి ఫోను చెయ్యి అంది.

సెల్వి ఆయన కూతురు. సేదరపేట్‌లో ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు పని. అత్తవారింట చోటు చాలక తండ్రిని పెట్టుకోలేదు, ఆదివారం ఆదివారం వచ్చి వండి పెట్టి పోయేది. ఆ రోజు యూనిఫారంతోనే వచ్చింది. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాం. డాక్టరమ్మ చూసి, విషం పైకి ఎక్కుతోంది, మోకాలి కింద తీసేయాలి, రేపటికి ఒప్పుకోకపోతే కాలు కాదు, మనిషే దక్కడు అని చెప్పింది. ఆయన వద్దన్నాడు. సంతకం పెట్టనన్నాడు. దాని కాలం అయిపోయింది, పోనీయండి అన్నాడు. వార్డులో కొందరు ఆయనకు దండం కూడా పెట్టారట.

మరునాడు మధ్యాహ్నం సెల్వి అంగడికి వచ్చింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. "అన్నా, నేను ఏడిస్తే నవ్వతాడు, అరిస్తే పాఠం చెప్తాడు. నీతో అయితే బేరమాడతాడు. వచ్చి ఆడన్నా" అంది.

నాకు వెళ్ళాలని లేదు. ఆసుపత్రి వాసన నాకు పడదు, ఒక మనిషి కాలును బేరం చేయడం అంతకన్నా పడదు. తలుపు పూర్తిగా దించి వెళ్ళాను.

ఆయన నన్ను చూసి కాళ్ళూ నోరూ చూడకుండా మొదటిసారి తిన్నగా మొహం చూశాడు. మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఊరి కబుర్లు చెప్పాను. ఆయన విన్నాడు. కబుర్లు అయిపోయాయి.

"నీది కాదు గదా చిన్నాయనా అది" అన్నాను. "ఇచ్చేయరాదా."

"నాది కాదు. అందుకే ఇచ్చే హక్కూ నాకు లేదు."

"అట్లయితే వద్దనే హక్కు యాడిది?"

ఆయన చప్పుడు లేకుండా నవ్వాడు. ఇన్నేళ్ళ బేరంలో చివరి మాట నాది కావడం అదే మొదలు. నాకు గెలిచినట్టు అనిపించలేదు. కూతురిని టీ తెమ్మని పంపించాడు. ఆమె వెళ్ళాక భుజం మీది కండువా తీసి మా ఇద్దరి చేతుల మీద కప్పాడు.

ముందు నా వేలు ఒకటి పట్టుకున్నాడు. ఒక్క వేలు ఇస్తానని. నేను తల అడ్డంగా ఊపి ఆయన అరచెయ్యి మొత్తం పట్టుకున్నాను. పాదం. వదిలించుకున్నాడు. మళ్ళీ ఒక వేలు, కాస్త ఆగి రెండు. నేను అరచెయ్యి దాటి, మణికట్టు దాటి, ముంజేతి మీదుగా మోచేతి దాకా పోయి అక్కడ ఆపాను. కాలికైతే అది మోకాలు, డాక్టరమ్మ చెప్పిన చోటు. మా పక్క మంచం అతను బత్తాయి వలుచుకుంటున్నాడు, ఏమీ తెలియలేదు. కండువా కింద ఆ చెయ్యి చలిలో ఉన్నట్టు వణుకుతోంది.

"కుంటి ఎద్దును యాడికి తోలతారో నాకు తెలుసురా" అన్నాడు, నాకు మాత్రమే వినపడేటట్టు. "నేనే ఎన్నిటినో తోలించినాను. లారీ ఎక్కేటప్పుడు అవి చూసే చూపు..." అని ఆపేశాడు.

అప్పుడు అర్థమైంది. మేమంతా వైరాగ్యం అనుకున్నది భయం. ఆ భయానికి వేదాంతంలో నాకు జవాబు తెలియదు. అంగడివాడి జవాబు ఒకటే తెలుసు.

"నా అంగడి ముందర కట్టేసుకుంటాను చిన్నాయనా. యాడికీ తోలను."

నా పిడికిలి మూసి గట్టిగా నొక్కాడు. సెల్వి టీ తెచ్చేసరికి కండువా మళ్ళీ భుజం మీద ఉంది. కాగితం తెమ్మని ఆయనే చెప్పాడు.

ఆపరేషను బాగానే జరిగింది. ఇచ్చిన మాట నెరవేర్చడం అంత బాగా జరగలేదు. మెట్లు ఎక్కలేడు కాబట్టి అంగడి వెనక సరుకు గది ఖాళీ చేశాం. ఒక పక్క ఆయన మంచం, ఇంకో పక్క పైకప్పు దాకా స్టీలు బకెట్లు. మా ఆవిడ వంట, నా మోత, సెల్వి ఆదివారాలు. చక్రాల కుర్చీ తలుపులో పట్టక ప్రతిసారీ మడిచి, లేపి, విప్పి. ఈ పనులు పుణ్యమని చెప్పేవాళ్ళు చేసి చూడాలి. నడుము పట్టేది, కోపం వచ్చేది. కోపం ఆయన మీద చూపించలేక కొనుగోలుదారుల మీద చూపించేవాణ్ణి. ఆ ఏడాది ముత్తియాల్‌పేటలో చాలామంది వేరే అంగడిలో బకెట్లు కొన్నారు.

ఇల్లు చేరిన కొద్దిరోజులకు, మధ్యాహ్నం అంగడి సగం దించి ఉండగా, లోపలినుంచి పిలిచాడు. వెళ్ళాను. బొటనవేలు మండుతోందన్నాడు. కుడికాలు చూశాను, బాగానే ఉంది.

"అది కాదురా. అది" అని దుప్పటి పల్లంగా ఉన్న చోటు చూపించాడు. "సంతలో లేని ఎద్దు పొడస్తా ఉండాది."

డాక్టరమ్మను అడిగితే అలా జరుగుతుందని చెప్పింది. కాలు పోయినా మెదడులో దాని చోటు ఇంకా ఉంటుందట. మాత్రలు రాసింది. కొన్నిసార్లు పనిచేసేవి. ఉన్నప్పుడు నొప్పి తెలియని వేలు, పోయాక పగలంతా మండేది. ఆయన ఖాళీ దుప్పటిని చేత్తో రుద్దుకుంటూ ఉండేవాడు. అది చూడలేక నేను గిన్నెలు సర్దే నెపంతో బయటికి వచ్చేవాణ్ణి.

కొన్నాళ్ళకు పాఠం మళ్ళీ మొదలైంది, బకెట్ల మధ్య. తోడికోడళ్ళు వచ్చారు, మిల్లు ఆయన వచ్చాడు. అలవాటుగా కాళ్ళు చాపి, ఎడమకాలి బొటనవేలు పట్టుకుని, ముగ్గురూ ఆగిపోయారు. ఆయన ఆగలేదు. వంగి, వేలు ఉండాల్సిన చోట గాలిని పట్టుకున్నాడు. దీన్ని చూస్తా ఉండాను, అని మొదలుపెట్టి, ఆ గాలినే రుద్దుకోసాగాడు.

చిన్న తోడికోడలే అడిగింది. "అయితే నొప్పి ఎవరిది సామీ?"

"తెలియలేదమ్మా" అన్నాడు. "నొప్పి దీనిది, చూసేది నేను అని ఇంతకాలం చెప్పినాను. ఇప్పుడు అది లేదు, నొప్పి ఉండాది. చూసేవాడు ఉండాడా అంటే, ఉండాడు. అలిసిపోయి ఉండాడు."

అదే కదా మాయ, మీరు చెప్పిందే రుజువైంది, లేని కాలే నొస్తుంటే ఉన్న ఒళ్ళు మాత్రం నిజమా, అని మిల్లు ఆయన ఉత్సాహపడ్డాడు. తర్కం చూస్తే తప్పు లేదు. నేను గల్లా దగ్గర కూర్చుని మెచ్చుకున్నాను కూడా. కానీ పెద్దాయన గొంతులో అంతవరకు వినని కరుకుదనం వినిపించింది.

"మాయ అని నువ్వు చెప్పగూడదు. నొస్తా ఉండేవాడు చెప్పాల."

మిల్లు ఆయన ఆ తర్వాత రావడం మానేశాడు. తోడికోడళ్ళు వచ్చేవాళ్ళు. పాఠానికి కాదు, ఊరికే. వస్తూ ఉప్పు తగ్గించిన మురుకులు తెచ్చేవాళ్ళు, పెద్దామె మంచం కోడు పక్కన చక్కగా నిద్రపోయేది.

మార్పు ముందు కనిపెట్టింది మా ఆవిడే. "విన్నావా, నాకు కాఫీ కావాల అన్నాడు" అని వంటింట్లోంచి వచ్చి చెప్పింది. 'దీనికి' పోయింది. నాకు ఉక్కగా ఉండాది, నాకు తల దువ్వమ్మా, నాకు ఈరోజు చేత గాలేదు. ఆమెకు సంతోషంగా ఉంది, ఇంటి మనిషిలాగా మాట్లాడుతున్నాడని. నాకు ఆ సంతోషం రాలేదు. ఆయన మధ్యాహ్నం బేరానికి కూడా దిగడం లేదు. నేను ఎంత తక్కువకు అడిగినా సరే అనేవాడు. ఆత్మ లేదంటే లేదులే అనేవాడు. ఎదుటివాడు అడిగిన ధరకే ఒప్పుకునేవాడి దగ్గర కొనడమంత నీరసం ఇంకోటి లేదు.

ఒక్కరోజు మాత్రం వేరుగా ఉంది. జోరుగా వాన, వీధిలో మోకాలి లోతు నీళ్ళు, అంగడికి ఎవరూ వచ్చే దారి లేదు. నేను లోపలికి వెళ్ళేసరికి దుప్పటి మీద చెయ్యి కదలడం లేదు. భయపడి దగ్గరికి పోయాను. కళ్ళు తెరిచే ఉన్నాయి.

"ఇంతసేపు నొప్పి లేదురా" అన్నాడు. "సరే, లేదని చూస్తా ఉండేది ఎవరని వెతికితే, వాడూ లేడు. ఎవరూ లేక, బాగుండె."

గొంతులో పాఠం చెప్పే ధోరణి లేదు. వాన వెలిసిందని చెప్పినట్టు చెప్పాడు. అలాంటి మాటకు ఏం ఇవ్వాలో నాకు తెలియక, టీ తెచ్చేదా అన్నాను. తే అన్నాడు. తెచ్చేసరికి చెయ్యి మళ్ళీ దుప్పటి రుద్దుతోంది. ఏమైందని నేను అడగలేదు. టీ చల్లారింది, మళ్ళీ వేడి చేసి ఇచ్చాను.

ఆ వానలు పూర్తిగా వెలియకముందే ఆయన పోయాడు. ఒక మధ్యాహ్నం, అంగడి సగం దించి ఉన్నప్పుడు, నేను నాలుగడుగుల దూరంలో కుర్చీలో కునుకు తీస్తుండగా. పిలిచాడో లేదో తెలియదు.

దహనం అయ్యాక సెల్వి మా మెట్ల మీద కూర్చుంది. తల ఎత్తకుండా అడిగింది. "అన్నా, ఆ దినం నాయన వద్దన్నట్టే వదిలేసుంటే ఎట్లుండు?"

అలా అనుకోకమ్మా, మంచే చేశాం అన్నాను. చావింట్లో చెప్పే మాట అది, దానికి తూకం ఉండదు. ఇప్పుడు ఆమె ఎదురుగా లేదు, సరిగ్గా తూచి చెబుతాను.

వచ్చింది ఇంత. ఏడాదికి పైన ఇంకొంత బతుకు. సెల్వి చేత్తో కలిపి పెట్టిన ఆదివారపు అన్నం. తండ్రిని చంపుకున్నానని ఆమె అనుకోకుండా నిద్రపోవడం. ఎవరూ లేక బాగున్న ఒక వానపొద్దు, అది ఎంతసేపో ఆయనకూ తెలియదు.

పోయింది ఇంత. ఒక కాలు. మిగిలిన మధ్యాహ్నాలన్నీ. వాటితోపాటు ఆయన జీవితమంతా పోగుచేసుకున్న ఒక నమ్మకం. నేను కాలుకే బేరమాడాను, ఆ నమ్మకాన్ని అడగలేదు, అయినా కాలు వెంట అదీ పోయింది. చివర్లో వేరే రూపంలో తిరిగి వచ్చిందేమో, ఆ వానరోజు ఆయన చెప్పింది అదేనేమో, నాకు తెలియదు. తెలియనిదాన్ని వచ్చినదాంట్లో కలపను.

ఆయన మేలుకోరి ఒప్పించానంటే సగమే నిజం. ఆయన పోతే నా మధ్యాహ్నాలు ఎలా గడుస్తాయన్న భయం మిగతా సగం. ఆసుపత్రి మంచం మీద వణికిన చేతులు రెండు. నేను ఆయనదొక్కటే చెప్పాను.

మళ్ళీ ఆ రోజు వస్తే మళ్ళీ వెళ్ళి ఒప్పిస్తాను. అయినా లెక్క లెక్కే. ఆ ఏడాది కావాలనుకున్నది నేను. దాని ధర చెల్లించింది ఆయన.